ఆఫీసు చప్పుడు

రెండింటికి ఫోన్ చేస్తానన్నాడు సూపర్‌వైజర్ అబ్బాయి. చేసి ఒకే ఒక్క మాట అడుగుతాడట, ఇల్లా, ఆఫీసా అని. చెప్పాక ఇక మార్చుకోవడానికి వీల్లేదట. కూరగాయల బండివాడైనా నాలుగు తిరగేసి చూసుకోనిస్తాడు, వీళ్లకి ఆ ఓపిక కూడా లేదు. ఇల్లంటే ఇలాగే ఇంట్లో ఉండిపోవచ్చు, కానీ ఇంట్లోంచి చేసేవాళ్లకి వచ్చే నెల నుంచి ఫోన్లుండవు, అన్నీ రాతలే. బట్టలుతికే మెషీన్ తిరగడం లేదని అవతలివాళ్లు టైపు కొడతారు, మీ అసౌకర్యానికి చింతిస్తున్నామని ఇవతల నేను టైపు కొడతాను, పెదవి కదపకుండానే రోజంతా చింతించవచ్చు. ఆఫీసంటే ఫోన్లుంటాయి, మాటలుంటాయి, కానీ పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లి మనుషుల మధ్య కూర్చోవాలి. మనుషుల మధ్య కూర్చోవడానికేం కష్టం అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను, పోయిన వారం వెళ్లి చూసొచ్చేదాకా. ఇప్పుడు ఒంటిగంట దాటింది, భోజన విరామం. కంచం కడిగి బోర్లించాను. ఏం తిన్నానో గుర్తు లేదు, కంచం తడిగా ఉంది కాబట్టి తినే ఉంటాను. టేబుల్ మీద చిన్న స్పీకర్లో ఆఫీసు నడుస్తోంది. కుర్చీ ఈడ్చిన చప్పుడు, కీబోర్డుల టకటక, ఎవరో దగ్గారు. ఆ దగ్గు నాకు తెలుసు, దాని తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు.

ఈ చప్పుడు సంగతి చెప్పకపోతే నాకు మతి పోయిందనుకుంటారు. అందరినీ ఇళ్లకి పంపేసిన కొత్తలో కస్టమర్లు ఇట్టే పట్టేసేవాళ్లు. కుక్కర్ కూత వినపడితే చాలు, వంట చేసుకుంటూ మాట్లాడుతున్నావా తల్లీ, ఆఫీసులో ఉన్నవాళ్లెవరికైనా ఇవ్వు అనేవాళ్లు. ఆఫీసుకి తాళం వేసుంటే ఇంక ఉన్నవాళ్లెవరు, ఎలుకలు తప్ప. అప్పటి పాత మేనేజరు పీనాసి, కానీ బుర్రున్నవాడు. హాలు నిండా జనం ఉన్న రోజుల్లో ఏదో శిక్షణ కోసం తీసిన రికార్డింగ్ ఒకటి వెతికి పట్టుకుని అందరికీ పంపాడు. ఫోన్ మాట్లాడేటప్పుడు పక్కన సన్నగా పెట్టుకోండి, అవతలివాళ్లకి నమ్మకంగా ఉంటుంది అన్నాడు. అందరూ నాలుగు రోజులు పెట్టి మానేశారు. పోనుపోను కస్టమర్లకీ కుక్కర్ కూతలు అలవాటైపోయాయి, కొందరైతే ఏం వండుతున్నారండీ అని కూడా అడుగుతున్నారు. నేనొక్కదాన్నే మానలేదు. గంటసేపు ఉంటుంది, అయిపోయి మళ్లీ మొదలవుతుంది. ఆ దగ్గు తర్వాత ఒక మగగొంతు, "ఎవరి దగ్గరైనా పెన్నుందా" అంటుంది. "ఇదిగో. మళ్లీ ఇవ్వు, పోయినసారిది ఇవ్వనేలేదు" అని ఒక ఆడగొంతు కసురుతుంది. మొదటిసారి విన్నప్పుడు ఎవరీ గయ్యాళి అనుకున్నాను. అది నేనే. ఆ వెంటనే గలగల నవ్వుతుంది. గలగల అంటే నా పక్కసీటు మనిషి, అసలు పేరెవరూ పిలిచేవాళ్లం కాదు. తాళంచెవుల గుత్తి మెట్ల మీద జారిపడ్డట్టు నవ్వేది, ఒక మెట్టుతో ఆగేది కాదు. ఆ నవ్వుకి అవతలి వరసలో ఇంకెవరో నవ్వుతారు, ఎందుకో తెలియకుండానే, ఎవరో ష్ అంటారు, ఆ ష్ అన్నవాళ్లే మళ్లీ నవ్వుతారు.

అమ్మ మంచాన పడ్డది ఆ రోజుల్లోనే. చూపు ఆనేది కాదు, మంచం దిగలేకపోయేది. నా టేబుల్ తెచ్చి మంచం పక్కనే వేసుకున్నాను. ఇంట్లోంచి పని గురించి ఎవరేమన్నా అననీ, నాకు మాత్రం అప్పుడది వరమే, అబద్ధం చెబితే కళ్లు పోతాయి. ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య మందు వేసేదాన్ని, పక్క మార్చేదాన్ని, ఒక చెయ్యి మౌస్ మీద, ఇంకో చెయ్యి అమ్మ చేతిలో. ఆఫీసుకి పోయుంటే ఆ చెయ్యి ఎవరు పట్టుకునేవాళ్లు. మొదటిరోజు ఈ రికార్డింగ్ పెట్టగానే అమ్మ తల ఇటు తిప్పింది. "ఎవరే, ఇంతమంది వచ్చారు" అంది. ఆఫీసువాళ్లమ్మా అన్నాను. "కాఫీ ఇచ్చావా?" ఇచ్చానన్నాను, ఇంకేం చెప్పను, మధ్యలో ఒకాయన ఫ్రిజ్ గురించి అరుస్తున్నాడు. అంతే, మర్నాటి నుంచి అమ్మకి రోజూ ఇంటినిండా చుట్టాలే. పొద్దున్నే తల దువ్వమనేది, నలుగురొచ్చే వేళకి ఇలా ఉంటే ఏం బాగుంటుందనేది. ఆ దగ్గే అబ్బాయి డాక్టరుకి చూపించుకోడేం అనేది. ఆ పెన్నడిగేవాడికి ఒకటి కొనివ్వరాదూ, పాపం రోజూ అడుక్కుంటున్నాడు అనేది. నా గొంతు విని, "ఆ పిల్లెవరో అచ్చం నీలాగే కసురుకుంటుందే" అంది ఒకసారి, "ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో" అని కూడా అంది. గలగల నవ్వినప్పుడల్లా తనూ నవ్వేది. ఇల్లు ఇల్లంతా నిండుగా ఉన్నట్టు కాళ్లు ముడుచుకుని పడుకునేది, ఎవరైనా మంచం చివర కూర్చుంటారేమోనని.

మేం మాట్లాడే ఫోన్లన్నీ రికార్డవుతాయి, వాటిని వినేవాళ్లు వేరే ఉంటారు, విని మార్కులేస్తారు. ఒకసారి నాకు మార్కులు కోశారు. కారణం ఏమిటంటే నేపథ్యంలో వృద్ధురాలి స్వరం. నమ్మకపోతే వినండని వినిపించారు కూడా. నేనేమో మహా మర్యాదగా, అండీ అండీ అంటూ మెషీన్ నీళ్లు ఎందుకు వదలడం లేదో చెబుతున్నాను, వెనకనుంచి అమ్మ, "వాడెవడో పాపం ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నాడు, కూర్చోమనవే" అంటోంది. అప్పుడు సిగ్గుతో చచ్చాను. అమ్మ పోయాక అదే గుర్తొచ్చింది. ఫోటోలు బోలెడున్నాయి, గొంతు ఒక్కటీ లేదు. ఆ కాల్ ఒకసారి ఇమ్మని అడిగాను, బతిమాలాను. కొన్నాళ్లకి చెరిపేస్తామండీ, రూలు అన్నారు. తప్పు పట్టడానికి దాచారు గానీ ఇవ్వడానికి దాచలేదు. ఆ పూట కంప్యూటర్ కెమెరా ఆపేసి ఏడ్చాను. అదొక సుఖం ఉంది ఇంట్లో, ఆఫీసులో అయితే బాత్రూము ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూడాలి.

సుఖాలు లేకపోలేదు. వానొస్తే కిటికీలోంచి చూడొచ్చు, బస్సులో ఎవరి మోచెయ్యీ డొక్కలో దిగదు, నైటీ మీదే జీతం వచ్చి పడుతుంది. మా మరదలు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే పాట, "మీకేం వదినా, కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నచోటే సంపాదిస్తున్నారు" అని. మా తమ్ముడు పొద్దున పోతే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరడు, ఆ ఉక్రోషం ఆవిడది, అత్త మీది కోపం దుత్త మీద. నిజమే తల్లీ, చల్ల కదలదు. ఏదీ కదలదు. పొద్దున మడిచిపెట్టిన దుప్పటి సాయంత్రానికి అలాగే ఉంటుంది, తీసే మనిషి లేక. పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియదు, లేచి వెళ్లడానికి వేరే చోటుంటే కదా అయిపోయినట్టు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, రచ్చని తెచ్చి ఇంట్లోనే కూర్చోబెట్టుకున్నాక ఏది గెలిచినట్టో ఎవరూ చెప్పలేదు. గట్టిగా లెక్కేసుకుంటే అమ్మ పోయినప్పటినుంచి నేను నోరు విప్పి మాట్లాడిందంతా పాడైపోయిన సామాన్లు ఉన్నవాళ్లతోనే. వాళ్లు తిడతారు, తిట్టనీ, కనీసం అది నన్నే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, మాకైతే నోరు మంచిదే, ఊరే లేదు. ఆదివారాలు గొంతు పూర్తిగా పడుకుంటుంది. సోమవారం మొదటి ఫోన్‌కి నమస్కారమండీ అంటే బొంగురుగా ఎవరిదో గొంతు వస్తుంది, అవతలివాళ్లు ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడుగుతారు, దానికే ప్రాణం లేచొచ్చినట్టవుతుంది. సాయంత్రం పని అయిపోయినా స్పీకర్ కట్టేయను. గిన్నెలు తోముకుంటుంటే ఆఫీసు నడుస్తూనే ఉంటుంది. పెన్నుందా అని అతనడిగితే ఇదిగో అని నేను అంటాను, దాంట్లో ఉన్న నాతోపాటు ఇక్కడి నేను. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప సంగతి కూడా కాదు.

అందుకే ఆఫీసు మళ్లీ తెరిచారనగానే గుండె ఎగిరి గంతేసింది. పోయిన వారం సెలవు పెట్టుకుని చూడ్డానికి వెళ్లాను, కొత్త చీర కట్టుకుని, అమ్మ దువ్వమన్నట్టు తల దువ్వుకుని. గేటు దగ్గర గార్డు కొత్తవాడు, "ఎవర్ని కలవాలండీ" అన్నాడు. ఎవర్ని కలవాలో నాకూ వెంటనే తోచలేదు. ఇక్కడే పనిచేస్తున్నాను బాబూ అంటే నన్ను ఎగాదిగా చూశాడు. సూపర్‌వైజర్ అబ్బాయి కిందికొచ్చి తీసుకెళ్లాడు. తెరమీద భుజాల దాకానే చూసుకున్న మనుషులం, "మీరింత పొడుగనుకోలేదు మేడమ్" అన్నాడు. ఇంత కుర్రాడని నేనూ అనుకోలేదు. హాలు గుర్తుపట్టలేకపోయాను. గోడలకంతా మెత్తటి దిండ్లలాంటివి అతికించారు, నేలమీద అడుగు వేస్తే వినపడని తివాచీ, ఒక్కో సీటుకీ మూడువైపులా అడ్డుతెర. "ఇప్పుడు పక్కవాళ్ల చప్పుడు కస్టమర్‌కి అసలు వెళ్లదు మేడమ్" అన్నాడు, ఎంతో సంబరంగా. వెళ్లడం సంగతి సరే, రావడం కూడా లేదు. అంతమంది మాట్లాడుతున్నారు, ఒక్కరి మాటా వినపడదు, పెదాలు ఆడటమే కనిపిస్తుంది. నన్ను ఒక ఖాళీ సీట్లో కూర్చోబెట్టి వెళ్లాడు. పక్కసీట్లో ఒక పిల్ల, తల తిప్పితే చాలు, ముఖం ముఖం చూసుకోవచ్చు. తిప్పలేదు. నా ముందున్న తెరమీద మాట వచ్చింది, హాయ్ ఆంటీ, కొత్తగా జాయినయ్యారా అని. కాదమ్మా, పాతదాన్నే అన్నాను నోటితో. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది, వినపడలేదు. చివరికి టైపే కొట్టాను. తిరుగు జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గూ వినపడలేదు, ఎవరూ పెన్నడగలేదు, అడగడానికి అక్కడ పెన్నే లేదు. అప్పుడు తెలిసింది, నేను వెళ్దామనుకున్న ఆఫీసు అక్కడ లేదు. ఇన్నాళ్లూ అది మా ఇంట్లోనే ఉంది.

తిరిగొస్తూ బస్టాపులో నిలబడి గలగలకి ఫోన్ చేశాను. ఇళ్లకి పంపేసిన కొత్తలో రోజూ సాయంత్రాలు మాట్లాడుకునేవాళ్లం, తర్వాత వారానికోసారైంది, తర్వాత నేను చేస్తాలే అని తను, నేను చేస్తాలే అని నేను. తగువేం పడలేదు, తగువైనా పడుంటే గుర్తుండేది. తను ఈలోగా ఉద్యోగం మారింది. "ఎవరండీ" అంది. ఫోన్ మార్చిందట, నంబర్లు పోయాయట. చెప్పాక అయ్యో నువ్వా అని బాగానే పలకరించింది. ఇప్పుడు ఇంట్లోంచే పని, అంతా రాతపనేనట. "హాయిగా ఉందే, రోజంతా నోరు విప్పక్కర్లేదు" అంది. ఏదైనా నవ్వొచ్చే మాట అనాలని ఎంత వెతుక్కున్నానో. పెన్నడిగేవాడి సంగతి ఎత్తాను. "ఎవరు వాడు, గుర్తు రావడం లేదే" అంది. నీ నవ్వు రోజూ వింటానే, మా అమ్మ పోయేదాకా వింది అని చెప్పాలనిపించింది. చెబితే హడలిపోతుంది, ఎవరైనా హడలిపోతారు. బస్సొచ్చిందని చెప్పి పెట్టేశాను. బస్సు చాలాసేపటిదాకా రాలేదు.

కాబట్టి ఇల్లే. ఇందాకట్నుంచీ ఎటు తిప్పి ఎటు చూసినా అక్కడికే వస్తున్నాను. అక్కడా మాట్లాడేవాళ్లు లేరు, ఇక్కడా లేరు, ఇక్కడైతే బస్సు ఖర్చు తప్పుతుంది, అమ్మ మంచం ఉంటుంది. ఆ మంచం తీసేయమని తమ్ముడు ఎన్నిసార్లన్నాడో, గది ఇరుకు కదక్కా అని. ఇరుకు ఎవరికిరా, నాకొక్కదానికా. రాతపనైతే మాత్రమేం, గలగల చేయడం లేదూ, హాయిగా ఉందనడం లేదూ. గొంతు లేకపోతే జనం బతకరా ఏమిటి. ఇలా అనుకుంటూ ఎందుకో చెయ్యి చాపి స్పీకర్ కట్టేశాను, ఉత్త ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామని. చూశాను. ఫ్రిజ్ గుర్రుమంది. పైవాళ్లెవరో కుర్చీ జరిపారు. బాత్రూములో కుళాయి ఒక చుక్క వదిలింది, ఇంకో చుక్క వదలడానికి తీరిగ్గా ఆలోచిస్తోంది. వచ్చే నెల నుంచి ఇదే, పొద్దున్నుంచి రాత్రిదాకా ఇదే, మధ్యలో నా వేళ్లు టకటకమంటాయి. రికార్డింగ్ పెట్టుకోవచ్చు. కానీ ఎవరి కోసమని పెట్టుకోను, అవతల వినే కస్టమరే లేనప్పుడు. ఇన్నాళ్లూ వాళ్ల నమ్మకం కోసమని పెట్టుకున్నాను, అమ్మ కోసమని పెట్టుకున్నాను. నా కోసమని ఒప్పుకోవాలంటే ఏడుపొస్తోంది. నాకు భయంగా ఉంది. ఒక్కదాన్నే ఉండటమంటే ఎప్పుడూ భయం లేదు, మాట రాకుండా పోతుందేమోనని భయం. నమస్కారమండీ అన్నాను, ఖాళీ గదితో, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి. ఉంది, కొంచెం గీరుకుంది.

ఫోన్ మోగింది. ఇల్లు అని చెప్పేయడమే, ఒక్క మాట. ఎత్తాను.

"నమస్తే మేడమ్. అదే, మీకు చెప్పాను కదా, ఇవాళే పైకి పంపించేయాలి. ఏం రాయమంటారు, ఇల్లా, ఆఫీసా?"

ఇల్లు అనడానికే నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట. కావాలని అడిగింది కాదు, మధ్యాహ్నం పూట ఎవరు ఫోన్ చేసినా ముందు నోటికొచ్చే మాటే.

"భోంచేశావా బాబూ?"

"ఆఁ, అయింది మేడమ్."

పొద్దస్తమానం అబద్ధాలు వినే చెవి నాది. మేం పడెయ్యలేదండీ, దానంతటదే పగిలింది అనేవాళ్లని ఎంతమందిని చూశానో. కాదనలేదు, ఊరుకున్నాను. మా పనిలో అదొక కిటుకు, ఇవతల మనం ఊరుకుంటే అవతలివాళ్లు నిజం చెబుతారు.

"అంటే, ఇంకా లేదు మేడమ్" అన్నాడు కాసేపటికి. "తెచ్చుకున్నాను. ఇక్కడ అందరూ చెవులకి పెట్టుకుని ఎవరి తెర వాళ్లు చూసుకుంటూ తినేస్తారు కదా. నేనొక్కణ్ణే డబ్బా విప్పుకుని కూర్చోవాలంటే బుద్ధి పుట్టదు. తర్వాత తిందాం, తర్వాత తిందాం అనుకుంటూ పొద్దుపోతుంది. రూముకెళ్లాక పారబోస్తుంటాను."

తనే ఆ మెత్తటి గోడలు నాకు సంబరంగా చూపించిన కుర్రాడు. ఆ సంబరం నాకు చూపించడానికి దాచుకున్నాడేమో, ఎవరో ఒకరు చూడ్డానికి వస్తే చూపిద్దామని.

"నేను ఎక్కడ కూర్చోవాలి?" అన్నాను.

"అంటే ఆఫీసా మేడమ్? మీరు ఇల్లంటారనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను."

అవతల కీబోర్డు మీద ఏదో కొట్టాడు. "కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అదే రాశాను. ఇక మార్చడానికి ఉండదు మేడమ్, ముందే చెబుతున్నాను."

"తెలుసు" అన్నాను. అమ్మ మంచం మీద ఎండ సగందాకా వచ్చింది. వచ్చే నెల ఈ వేళకి ఈ ఎండని చూసే మనిషి ఉండదు. ఆ పక్కసీటు పిల్ల తల తిప్పుతుందో లేదో, పిలిస్తే పలుకుతుందో లేదో. పలక్కపోతే మళ్లీ పిలవాలి, ఇంకోసారి పిలవాలి. నాకు చాతనవుతుందో లేదో తెలియదు.

"సరే మేడమ్, మరి ఉంటాను" అన్నాడు.

ఫోన్ పెట్టేసేటప్పుడు అందరం అనే మాటే. ఉంటానని చెప్పి వెళ్లిపోతాం.

"ఉండు" అన్నాను.

"మేడమ్?"

"ఫోన్ పక్కన పెట్టుకుని డబ్బా విప్పు. నువ్వు తినేదాకా నేను ఉంటాను."

చాలాసేపు ఏమీ వినపడలేదు, పెట్టేశాడేమో అనుకున్నాను. తర్వాత మూత తీస్తున్న చప్పుడైంది. బాగా బిగుసుకుపోయినట్టుంది, రెండోసారికి వచ్చింది.